పాప్ స్మియరా, హెచ్‌పీవీ పరీక్షా: ఏది మేలు?

బెంగళూరులో గైనకాలజిస్ట్ దగ్గర తెలుగమ్మాయికైనా మొదట ఎదురయ్యే ప్రశ్న "మదువె ఆగిదెయా?" (పెళ్లయిందా?) అనే. కాలేదని చెబితే చాలాసార్లు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఊసే రాదు. ఆడవాళ్లతోనే సంబంధం అంటే "మీకెందుకులెండి" అనేవాళ్లూ ఉన్నారు. అది పొరపాటు. ఆ క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ చర్మానికి చర్మం తగిలినా, వేళ్ల వల్లా, ఇద్దరూ వాడే సెక్స్ టాయ్‌ల వల్లా అంటుతుంది. "పెళ్లి కాలేదు, శారీరక సంబంధం ఉంది, స్క్రీనింగ్ చేయండి" అంటే చాలు. ఎవరితో అన్నది చెప్పడం మీ ఇష్టం.

ముప్పై దాటాక మా ఓటు హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్షకే. పాప్ స్మియర్ గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాల్లో మారిపోయినవాటిని వెతుకుతుంది. హెచ్‌పీవీ పరీక్ష ఆ మార్పు తెచ్చే వైరస్‌నే పట్టుకుంటుంది. అందుకే నెగెటివ్ వస్తే ఐదేళ్లు ఆగొచ్చు, పాప్‌కి మూడేళ్లే. పైగా పాప్ తీసే చేతిని బట్టి, చూసే కంటిని బట్టి ఉంటుంది. గాజు పలక మీద పూసిన వెంటనే ఆల్కహాల్‌లో ముంచకపోతే కణాలు ఎండిపోయి ల్యాబ్‌కి పనికిరావు. రక్తం, జెల్ ఎక్కువైనా అంతే. బ్రష్‌ని ద్రవం ఉన్న సీసాలో ముంచే ఎల్‌బీసీ (లిక్విడ్ బేస్డ్ సైటాలజీ) రకం పాప్‌లో ఈ తంటా తక్కువ.

ముప్పై లోపు మాత్రం పాపే నయం. ఆ వయసులో వైరస్ రావడం, ఏడాది రెండేళ్లలో దానంతటదే పోవడం మామూలు. పాజిటివ్ రిపోర్టుతో అనవసరపు హడలు.

స్పెక్యులమ్ (యోనిని తెరిచి పట్టే పరికరం) అంటేనే బిగుసుకుపోయేవారికి హెచ్‌పీవీలో మరో వెసులుబాటు: సొంతంగా నమూనా తీసుకోవచ్చు. స్వాబ్‌ని రెండంగుళాల లోపలికి పెట్టి, కిట్‌లో చెప్పినంతసేపు తిప్పాలి. పాజిటివ్ వస్తే మాత్రం స్పెక్యులమ్ తప్పదు: క్యాన్సర్ ముప్పు ఎక్కువుండే 16, 18 రకాల వైరస్ అయితే నేరుగా కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దది చేసి చూపే పరికరంతో పరీక్ష), మిగతావైతే ముందు పాప్. చిన్న సైజు స్పెక్యులమ్ కావాలని అడగండి, మొహమాటం వద్దు.

ప్రభుత్వ కేంద్రాల్లో చేసే వీఐఏ (ముఖద్వారాన్ని కంటితో చూసే పరీక్ష) చవక. 3–5 శాతం అసెటిక్ ఆమ్లం పూసి, నిమిషం ఆగి తెల్ల మచ్చలు చూస్తారు, ఫలితం అక్కడికక్కడే. ముట్లుడిగాక చూడాల్సిన చోటు లోపలికి జరిగిపోతుంది కాబట్టి అప్పుడు నమ్మకూడదు.

పాప్‌కి రెండు రోజుల ముందు నుంచి యోనిలో క్రీములు, సంభోగం వద్దు, నెలసరిలో వెళ్లొద్దు. హెచ్‌పీవీ టీకా వేయించుకున్నవారికీ పరీక్ష తప్పదు. బిల్లు కట్టేముందు ల్యాబ్ చీటీలో హెచ్‌పీవీ పరీక్ష పక్కన 'హై రిస్క్' (క్యాన్సర్ తెచ్చే రకాలు) అని ఉందో లేదో చూసుకోండి.