సన్‌రూఫ్ కారు, విశాఖ వానలు: కొన్నేళ్ల వాడకం తర్వాత

మా సన్‌రూఫ్ కారు కొన్నేళ్లుగా విశాఖలో వేపచెట్టు కిందే ఉంటోంది. నైరుతి వానలు, ఆ వెనకే వచ్చే అక్టోబరు, నవంబరు తుఫాన్లు అన్నీ చూసింది. మైలేజీ, పికప్ బాగానే ఉన్నాయి. నేను రాయాలనుకున్నది లోపలికి వచ్చిన నీళ్ల గురించి.

సన్‌రూఫ్ అద్దం చుట్టూ ఉండే రబ్బరు నీళ్లను పూర్తిగా ఆపదు. దాన్ని దాటినవి లోపలి ట్రేలో పడతాయి. అక్కడి మూలల్లో ఉన్న సన్నటి గొట్టాలు పిల్లర్ల (రూఫ్‌ని మోసే నిలువు స్తంభాల) లోపల నుంచి వాటిని కిందికి దించి బయటికి వదులుతాయి. గొట్టంలో వేపపూత, దుమ్ము చేరితే ట్రే నిండి, నీళ్లు రూఫ్ లైనింగ్ వెనక నుంచి జారి కార్పెట్‌లోకి దిగుతాయి.

మాకు ఎడమవైపు ముందు సీటు దగ్గర తడి కనిపించింది. సర్వీస్ సెంటర్‌లో ఏసీ నీళ్లన్నారు. ఏసీ డ్రెయిన్ మూసుకుపోయినా తడి అక్కడే రావచ్చు, నిజమే. కానీ అలాగైతే మండు వేసవిలో రావాలి. మాకు ఏసీ వెయ్యకుండా, వానలో రాత్రంతా నిలిపి ఉంచినప్పుడు వచ్చింది. హీటర్ నుంచి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) కారితే తియ్యటి వాసన, జిగురు ఉంటాయి. అవీ లేవు. ఇంకో చోట రబ్బరు చుట్టూ సిలికాన్ పూస్తామన్నారు, ఒప్పుకోలేదు. గొట్టం మూసుకుపోయి ఉంటే పైన పూత పూసి ఏం లాభం?

ఇంటి దగ్గరే చూసుకున్నాం. తమ్ముడు టార్చితో లోపల కూర్చున్నాడు, నేను బయట నీళ్ల పైపు పట్టుకున్నాను. కింద నుంచి పైకి వెళ్లాలి. పై నుంచి మొదలెడితే నీళ్లు అంతటా జారి, ఎక్కడ నుంచి వస్తున్నాయో తెలీదు. ముందు తలుపులు, తర్వాత వైపర్ల కింద ప్లాస్టిక్ జాలీ, ఆఖరున రూఫ్. ఒక్కో చోట కొన్ని నిమిషాలు సన్నటి ధార చాలు. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు, అది వాన చొరబడని సందుల్లోకి కూడా నీళ్లు తోస్తుంది. తలుపు బీడింగ్ లోపలి వైపు చల్లిన టాల్కం పౌడరు పొడిగానే ఉంది. సన్‌రూఫ్ తెరిచి ట్రే మూలల్లో కొద్దిగా నీళ్లు పోస్తే కుడివైపువి కారు కింద కారిపోయాయి, ఎడమవైపువి కదల్లేదు.

గడ్డి కోసే మిషన్‌కి వాడే నైలాన్ తీగను మెల్లగా గొట్టంలోకి దూర్చితే నల్లటి మడ్డి ఊడింది. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టించకండి. లోపల గొట్టం జాయింట్ ఊడితే రూఫ్ లైనింగ్ దించాల్సి వస్తుంది.

కార్పెట్ పైకి ఆరినట్టే ఉంటుంది, కింది స్పాంజి మాత్రం నీళ్లు వదలదు. ఎత్తి ఎండలో ఆరబెట్టాం. దాని కింద వైరింగ్ కనెక్టర్లకు అప్పటికే చిలుము మొదలైంది. నాకు అసలు భయం వేసింది అది చూశాకే.

చెట్టు కింద పార్కింగ్ ఉన్నవాళ్లు వేపపూత రాలాక ఒకసారి, తుఫాన్ల ముందు ఒకసారి ట్రే తుడిచి గొట్టాలు చూసుకోవాలి. అంత ఓపిక లేకపోతే సన్‌రూఫ్ లేని మోడల్ తీసుకోమనే చెబుతాను. సర్వీసుకు ఇచ్చినా 'సన్‌రూఫ్ డ్రెయిన్ క్లీనింగ్' అని జాబ్ కార్డులో విడిగా రాయించండి. మామూలు సర్వీసులో మాకు ఎప్పుడూ చెయ్యలేదు.