పెద్దపండగ పాటల ఆల్బం: మూడు సంక్రాంతులు వాడాక

ధనుర్మాసం వచ్చిందంటే పెందుర్తి నుంచి భీమిలి దాకా మైకుల్లో మోగేవి చాలావరకు సినిమా పాటలే. వాటితో గొబ్బి తట్టడం కుదరదు. పల్లవి అయ్యేసరికి వాద్యాల మోత మొదలై చేతులు ఆగిపోతాయి. ఉత్తరాంధ్ర జానపద బృందం ఒకటి, ఏడుగురే ఉన్న చిన్న బృందం, పెన్‌డ్రైవులో ఇచ్చిన ఈ ఆల్బంలో పదకొండు పాటలు, మొత్తం 52 నిమిషాలు. వీధిలో, అపార్టుమెంటు మేడ మీద, కారులో మూడు పండగలు వాడాక రాస్తున్న సమీక్ష ఇది.

ఆల్బం కొనేదే గొబ్బి పాటల కోసం కాబట్టి ముందు వాటి సంగతి. మూడున్నాయి. మొదటిదాంట్లో ఒకావిడ చరణం ఎత్తుకుంటే మిగతావాళ్ళు 'గొబ్బిళ్ళో' అని అందుకుంటారు. అందుకునే చోట పెద్దగొంతు పూర్తిగా ఆగుతుంది, కింద చప్పట్లు తప్ప ఏమీ ఉండదు. ఆ ఖాళీ ఉండబట్టే గొబ్బెమ్మల చుట్టూ తిరిగే పిల్లలు అందులో దూరి పాడగలుగుతున్నారు. నడక నిమిషానికి 90 చప్పట్ల దగ్గర మొదలై చివరి చరణానికి 120 దాటుతుంది, వీధిలో తట్టినప్పుడు కూడా అలాగే పెరుగుతుంది. రెండో పాటా ఇదే తీరు. మూడోదాన్ని మాత్రం స్టూడియోలో చెవిలో క్లిక్ (టిక్ టిక్ మనే తాళం) పెట్టుకుని పాడినట్టున్నారు: మొదటి నుంచి చివరి దాకా ఒకటే వేగం, కింద కీబోర్డు సాగుతూ ఉంటుంది. రెండు చుట్లు తిరిగేసరికి పిల్లలు గొబ్బెమ్మ మీది గుమ్మడిపూలు పీక్కుంటూ కూర్చుంటారు. అది తీసేసి మొదటిదే రెండుసార్లు వేసుకోండి.

ఈ పాటల శ్రుతి ఆరు, అంటే హార్మోనియం మీద 'సి' నుంచి ఆరో తెల్ల మెట్టు. పదేళ్ళ పిల్లలకి బాగానే ఉంటుంది కానీ తల్లులకి పైస్థాయిలో గొంతు చీరిపోతుంది. ఫోనులో పిచ్ మార్చే యాప్ ఏదైనా పెట్టుకుని రెండు అరమెట్లు దించి అయిదు చేస్తే అందరికీ అందుతుంది. నాలుగు దించారో, చప్పట్లు డబ్బా మీద కొట్టినట్టు వస్తాయి.

నాలుగోది హరిదాసు పాట, ఆల్బంలో అన్నిటికంటే శ్రద్ధగా రికార్డు చేసినది. మైకు ఒకచోటే ఉంచి మనిషిని నడిపించారు. చిడతలు, కాలి గజ్జెలు దూరం నుంచి వచ్చి, గుమ్మం ముందు ఆగి, మళ్ళీ వీధి చివరికి వెళ్ళిపోతాయి. తంబుర మీటు కూడా దగ్గరికొచ్చినప్పుడే వినపడుతుంది. అయితే మొదటి అరనిమిషం వినపడీ వినపడనట్టు ఉంటుంది కదా అని సౌండు పెంచారో, అయిదో పాట గంగిరెద్దు సన్నాయి ఒక్కసారిగా చెవిలో దూరుతుంది. చిన్న స్పీకర్లలో ఆ సన్నాయి మరీ కీచుమంటుంది. ఈక్వలైజర్‌లో 3 కిలోహెర్ట్జ్ దగ్గర మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గిస్తే సర్దుకుంటుంది.

తప్పెటగుళ్ళ పాటకి మాత్రం మనుషులు చాలలేదు. మామూలుగా పదిహేను, ఇరవై మంది గుండెల మీద తప్పెటలు కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ ఎగిరితేనే నిండుతనం వస్తుంది. ఇక్కడ అయిదుగురే, పైగా మైకు కాళ్ళ దగ్గర పెట్టడంతో గజ్జెలు మాటల్ని మింగేశాయి. మాటలు ఆల్బంతో ఇచ్చిన పుస్తకంలో చూసుకుందామంటే అదో తలనొప్పి. పాడేది 'వచ్చీసినాడు' అని, అచ్చులో ఉన్నది 'వచ్చేశాడు' అని. అయిదక్షరాలు నాలుగయ్యాయి, ఎనిమిది మాత్రలు ఏడయ్యాయి. పుస్తకం చూసి పాడే పిల్లలు ప్రతి పాదం చివరా ఒక మాత్ర ముందే అయిపోయి దిక్కులు చూస్తారు. మన యాసని అచ్చులో సంస్కరించాలనే ఈ సరదా ఎందుకో. అన్ని పాటల్లోనూ ఇంతే, పెన్సిలుతో దిద్దుకోవాల్సిందే.

భోగి పాటలో డప్పు మొదట 'ఠణ్' మని మొదలై, మూడో నిమిషానికి 'ధబ్' మంటుంది. సముద్రపు చెమ్మకి తోలు వదులవుతుంది. అందుకే మంట దగ్గర కాచి బిగువొచ్చాక డప్పు కొట్టే పుల్లలు, చిర్ర, చిటికెన పుల్ల, పట్టుకుంటారు. మధ్యలో ఇంకోసారి కాచుకోలేదని పాట వింటేనే తెలిసిపోతుంది. ఇంకో మాట: భోగి మంట తెల్లవారుజామున నాలుగింటికి వేసినా, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ వేళకి పాట నోటికి వచ్చి ఉండటమే మేలు.

ఏడో పాట, జముకు వాయిద్యంతో సాగేది, ఒక్క బ్లూటూత్ స్పీకరులో వేస్తే వంత గొంతు మాయమైపోతుంది. ఇయర్‌ఫోన్లలో మాత్రం ఉంటుంది. ఆ గొంతు ఎడమ, కుడి ఛానెళ్ళలో ఒకదానికొకటి తిరగబడి ఎక్కింది, రెండూ కలిస్తే కొట్టేసుకుంటున్నాయి. అడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడమ ఛానెల్ ఒక్కటే తీసి మోనోగా సేవ్ చేస్తే గొంతు తిరిగొస్తుంది, కుడివైపున్న జముకు కొంచెం పల్చబడుతుంది.

అరకు వైపు గిరిజనులు ఆడే ధింసా నాట్యం పాట మూడు నిమిషాలే. చేతులు వెనక్కి పట్టుకుని వరస కట్టేసరికే ఒక నిమిషం పోతుంది, అడుగు కుదిరేలోపు పాట సన్నగిల్లి ఆరిపోతుంది. మోరి (సన్నాయి లాంటి ఊదే వాయిద్యం) మొదలైన చోటు నుంచి సౌండు తగ్గే ముందు దాకా గుర్తు పెట్టి, ఆ ముక్కనే తిప్పి తిప్పి వేసుకోవాలి. మిగిలిన రెండు, కనుమ పాటలు, వినడానికి పర్లేదు.

పెన్‌డ్రైవు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తుంది. పాత కారు డెక్కులు దాన్ని చదవవు. పాటలన్నీ కంప్యూటర్లోకి తీసి, పెన్‌డ్రైవుని ఫ్యాట్32కి ఫార్మాట్ చేసి, ఒక్కొక్కటే వరసగా కాపీ చేయండి, ఎందుకంటే చాలా డెక్కులు కాపీ అయిన వరసలోనే వాయిస్తాయి. ఫైళ్ళ పేర్లు తెలుగులో ఉంటే తెర మీద డబ్బాలు కనిపిస్తాయి, అంకెలు పెట్టుకోండి. జాగా కలిసొస్తుందని 128 కేబీపీఎస్‌కి కుదించకండి, హరిదాసు చిడతలు ఇసక రాల్చినట్టు అవుతాయి. బీచి రోడ్డు వైపు ఇళ్ళలో అయితే కాపీ వెంటనే తీసుకోండి: రెండో ఏడాదికే పెన్‌డ్రైవు ఇనప మూతకి తుప్పు పట్టింది, మూడో ఏడు స్పిరిటు గుడ్డతో తుడిస్తే గానీ కంప్యూటరు గుర్తుపట్టలేదు.