పాత పికప్‌కు వెనుక కమాన్ పని: కొన్ని మామిడి సీజన్ల తరువాత

మాది 2012 మోడల్ బొలెరో పికప్. సీజన్‌లో నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కు మామిడికాయలు తోలుతుంది. మిగతా నెలల్లో ఎరువుల బస్తాలు, దాణా మోస్తుంది. ఇన్నేళ్ల బరువుకు వెనుక కమాన్ కట్టలు, అంటే బరువు మోసే ఉక్కు పట్టీల దొంతరలు, చదునైపోవడంతో కట్టలు, వాటి చివరలు చాసిస్‌కు కలిసే చోట ఉండే షాకిల్ బుష్షులు, షాక్ అబ్జార్బర్లు అన్నీ ఒకేసారి మార్పించాను. ఏ సామాను మంచిదన్న చర్చ ఎక్కడైనా దొరుకుతుంది. నా కడుపుమంటంతా యూ బోల్టుల మీద. అంత ఖర్చులో వాటి వంతు ఎంతో చెప్పుకోవడానికే సిగ్గు.

షాక్ అబ్జార్బర్ల గురించి చెప్పేదేమీ లేదు. పాతవి నూనె కారేవి, కొత్తవి కారడం లేదు. బుష్షులు మాత్రం రబ్బరువి కాకుండా పాలీయురేతేన్‌వి వేయించాను. పాత రబ్బరు అరిగి, గుంటలో పడ్డప్పుడల్లా ఇనుప మంచాన్ని గచ్చు మీద ఈడ్చినట్టు చప్పుడయ్యేది. కొత్తవి పడ్డాక వెనుక నుంచి మాటే లేదు. ఆ మొదటి నెలలో కనబడినవాడికల్లా ఈ బుష్షుల గొప్ప చెప్పాను.

ఇక అసలు సంగతి. పని చేసిన షెడ్డులో పాత యూ బోల్టులనే బ్రష్షుతో రుద్ది మళ్లీ బిగించారు. కొత్తవి వేయరా అంటే, "మరలు బాగానే ఉన్నాయండీ, ఏమీ ఫరవాలేదు" అన్నాడు మేస్త్రి. కమాన్ కట్టను, చక్రాల ఇరుసు యాక్సిల్‌ను కలిపి నొక్కి పట్టేది ఈ యూ బోల్టులే. మధ్యలో ఉండే సెంటర్ బోల్టు పని పట్టీలను వరసలో ఉంచి, యాక్సిల్ కూర్చునే చోటు చూపించడం వరకే. ఒకసారి గట్టిగా బిగించిన యూ బోల్టు కొంత సాగుతుంది. దాన్నే మళ్లీ వాడితే పట్టు నిలవదు. పట్టు సడలిన రోజున బ్రేకు వేసిన బలం, బండి లాగే బలం అన్నీ పోయి వేలెడంత సెంటర్ బోల్టు మీద పడతాయి.

పడ్డాయి. చిన్న రసాల లోడుతో వస్తున్నాం. ఆగిరిపల్లి దాటకముందే ఒక స్పీడు బ్రేకరు ఎక్కి దిగేసరికి కింద టక్కుమంది. స్టీరింగు తిన్నగానే ఉంది, బండి మాత్రం పక్కకు పోతోంది. వెనుక నుంచి రబ్బరు కాలిన వాసన. దిగి చూస్తే ఎడమవైపు యాక్సిల్ కమాన్ మీద నుంచి వెనక్కి జారింది, టైరు బాడీ అంచును ఒరుసుకుంటోంది. సెంటర్ బోల్టు తల కత్తితో కోసినట్టు తెగిపోయి ఉంది. పట్టీలు తలో దిక్కుకు తిరిగాయి. బ్రేకు పైపు తెగకపోవడం మా అదృష్టం.

కలెక్టర్ కాయలయితే మర్నాటిదాకా ఆగేవి. రసాలు ఆ ఎండకు ఆగవు. దారిన పోయే ట్రాక్టర్‌ను బతిమాలి ట్రేలన్నీ దానికి ఎక్కించాం. మార్కెట్‌కు చేరేసరికి మంచి ధర వెళ్లిపోయింది. కొత్త యూ బోల్టులు, సెంటర్ బోల్టు విజయవాడ ఆటోనగర్ నుంచి బస్సులో తెప్పించుకున్నాం. బండి ఆగిన చోటి కుర్ర మెకానిక్ పాత యూ బోల్టుకు నట్టు ఎక్కించి చేత్తో తిప్పమన్నాడు. కొంత దూరం సాఫీగా వెళ్లి బిగుసుకుపోయింది. అక్కడ మర సాగిందన్నమాట. కంటికి బాగానే కనిపిస్తుంది, నట్టుకు తెలిసిపోతుంది.

అదే కుర్రాడు ఇంకో మాట చెప్పాడు. కొత్త పట్టీల మధ్య ఉన్న రంగు బరువుకు నలిగిపోతుంది కాబట్టి, మొదటి ఒకటి రెండు లోడ్లయ్యాక యూ బోల్టులు మళ్లీ బిగించాలట. మొదటి షెడ్డులో ఈ ముక్క ఎవరూ అనలేదు. ఇప్పుడు సీజన్ మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచితో చూపిస్తున్నాను. మళ్లీ ఆ బాధ రాలేదు.

బుష్షులను మొదట్లో మెచ్చుకున్నంత ఇప్పుడు మెచ్చుకోలేను. అరుగుదల కనబడదు, నిజమే. కానీ దుమ్ము పట్టి ఆరితే కీచుమంటాయి. ఏటా విప్పి సిలికాన్ గ్రీజు పెట్టించాలి. కొత్త కట్టలు కూడా బరువుకు కొంత దిగాయి, అది మామూలే. అయితే ఒక పట్టీ అదనంగా వేయించడంతో ఖాళీ బండి బాగా ఎగురుతోంది. మా అత్తగారు ఇందులో ఎక్కడం మానేశారు.

నాలాగా నిండు బరువుతో మట్టిదారుల్లో తిరిగేవారికి అదనపు పట్టీ, పాలీయురేతేన్ బుష్షులు పనికొస్తాయేమో. ఇంటి అవసరానికి, ఎక్కువగా తారు రోడ్డు మీద తిరిగే బండికయితే రబ్బరే హాయి. కాకపోతే రబ్బరు బుష్షు వేసినప్పుడు షాకిల్ బోల్టుల ఆఖరి బిగింపు బండిని జాకీ మీద నుంచి దింపి, చక్రాల మీద నిలబెట్టి చేయించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. మాకు దగ్గరలో గ్రీజు పెట్టే మనిషి ఉన్నాడు గనుక ఈ కీచుతో నెట్టుకొస్తున్నాను. అతను షెడ్డు మూసేసి హైదరాబాద్ వెళతానంటున్నాడు. వెళితే నేనూ రబ్బరుకే మారతాను. యూ బోల్టులు మాత్రం ఈసారి నేనే కొని పట్టుకెళతాను.