హెచ్చార్సీకి 14 ఏళ్లుగా అర్జీలు కొడుతున్నా: నా అనుభవం, నా మార్కులు

కలెక్టరేట్ గోడ పక్కన నాది జిరాక్స్, జాబ్ టైపింగ్ షాపు. 2011లో పెట్టాను. సోమవారం, కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి రోజు, మా దగ్గర నిలబడడానికి చోటుండదు. వచ్చినవాళ్లలో నెలకు ఒకరిద్దరైనా "అన్నా, ఇట్ల కాదు, హెచ్చార్సీకి కొట్టు" అంటారు. హెచ్చార్సీ అంటే మానవ హక్కుల కమిషన్, రాష్ట్రంలో ఒకటి, ఢిల్లీలో జాతీయ కమిషన్ ఒకటి. అలా కొట్టినవి ఇప్పటికి వంద దాటాయి. మూడు మా ఇంటివే. అందుకే వాడి చూసినవాడిగా రాస్తున్నాను. నేను లాయర్‌ను కాదు.

అయిదుకు మూడు మార్కులు. రెండు తగ్గించింది అక్కడి మనుషుల మీద కోపంతో కాదు. చట్టం ఆ కమిషన్ చుట్టూ గీసిన గిరి మనం అనుకునేదాని కన్నా చాలా చిన్నది. ఆ సంగతి అర్జీ తిరిగొచ్చాక గానీ జనానికి తెలియదు.

మానవ హక్కుల పరిరక్షణ చట్టం 1993 నాటిది. జీవితం, స్వేచ్ఛ, సమానత్వం, గౌరవం, ఈ నాలుగింటికి సంబంధించి కోర్టులో నిలబడే హక్కులే దాని లెక్కలో మానవ హక్కులు. నాకు అన్యాయం జరిగింది అంటే సరిపోదు. ఆ పని చేసింది ప్రభుత్వోద్యోగి అయి ఉండాలి. లేదంటే ఆపాల్సిన ప్రభుత్వోద్యోగి ఆపకుండా ఊరుకుని ఉండాలి. ఈ రెండో ముక్క నాకే నాలుగేళ్ల దాకా తెలియదు. ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లు కట్టేదాకా శవాన్ని ఇవ్వలేదని ఒకాయన ఏడుస్తూ వస్తే, ఆసుపత్రి మీద ఘాటుగా రెండు పేజీలు కొట్టాను. ప్రభుత్వోద్యోగి మీద ఆరోపణ లేదని మొదట్లోనే తిరస్కరించారు. తర్వాత అలాంటిదే ఇంకొకటి వచ్చింది. ఈసారి ఆసుపత్రి గురించి నాలుగు లైన్లు రాసి, ఫలానా తేదీన ఫిర్యాదు అందుకుని కూడా కదలని అధికారి గురించి మిగతాదంతా రాశాను. రసీదు జిరాక్స్ జత చేశాను. దానికి కేసు నంబరు పడింది. బాధ రెంటిలోనూ ఒకటే, ఎవరి మీద రాశామన్నదే తేడా.

భూమి తగాదాలు అక్కడ నడవవు. గట్టు జరిపాడని, పాస్‌బుక్కులో పేరు మార్చారని వచ్చేవాళ్లే నా దగ్గర ఎక్కువ. ఇవన్నీ సివిల్ తగాదాలంటారు. ఇంక్రిమెంట్లు, బదిలీలు, ప్రమోషన్లు, యాజమాన్యంతో కార్మికుల పేచీలు, కోర్టులో నడుస్తున్న కేసులు కూడా అంతే. వద్దని చెబితే "నీకేం తెలుసు, డబ్బులిస్తున్నం కద, కొట్టు" అన్నవాళ్లున్నారు. కొట్టాను. అరవై రూపాయలు నాకు, ఆర్నెల్ల ఎదురుచూపు వాళ్లకు.

మనవాళ్లకో అలవాటుంది. కలెక్టరుకు అర్జీ రాసి, కింద "ప్రతులు:" అని పెట్టి ముఖ్యమంత్రి, గవర్నర్, ఎస్పీ, హెచ్చార్సీ అంటూ వరుసగా పేర్లు రాయిస్తారు. ఎంత పొడవుంటే అంత బలమని నమ్మకం. ఇంకొకరికి రాసిన అర్జీ నకలును కమిషన్ ఫిర్యాదుగా తీసుకోదు. దాని పేరు మీదే, సంతకంతో, అసలు కాగితం పోవాలి. సంతకం లేనివీ, ఆకాశరామన్నవీ చెత్తబుట్టకే. ఎన్నేళ్లుగా ఎన్ని నకళ్లు ఇలా దండగయ్యాయో తలచుకుంటే నాకే సిగ్గేస్తుంది. వాటిలో చాలావాటికి తపాలా కవర్లు అమ్మింది కూడా నేనే.

ఇక అసలు దెబ్బ తగిలింది మా బామ్మర్ది విషయంలో. దొంగతనం అనుమానం మీద ఒక స్టేషన్‌లో రెండు రాత్రులు ఉంచుకుని కొట్టి వదిలేశారు. కేసు లేదు, కాగితం లేదు. వెంటనే రాద్దామన్నాను. మా అత్తమ్మ వద్దంది. పెద్దమనుషులతో మాట్లాడదాం, పిల్లాడికి సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడు పోలీసులతో ఎందుకు అన్నారు. పెద్దమనుషులు మాట్లాడుతూనే ఉన్నారు. పదమూడో నెలలో రాశాం. చట్టంలో 36వ సెక్షన్ ఉంది: సంఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేపట్టకూడదు. అంతే, తలుపు మూసేశారు. ఆ నొప్పి ఇంకా ఉంది కదా, మోకాలు ఇంకా వంగడం లేదు కదా, తప్పు కొనసాగుతున్నట్టే కదా అని నేను వాదన తయారు చేసుకున్నాను. ఒక వకీలు నవ్వి, ధౌండియాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారి ఎప్పుడో మూసేసిందని చెప్పాడు. అక్రమ నిర్బంధం మనిషిని వదిలిన రోజుతో ముగిసినట్టే. కమిషన్ చట్టంతో పుట్టింది కాబట్టి చట్టం ఇచ్చినంత అధికారమే దానికుంటుంది. పంజాబ్‌లో పోలీసులు గుట్టుగా దహనం చేసిన శవాల విషయంలో పాత సంఘటనల మీద కూడా జాతీయ కమిషన్ పని చేసిన మాట నిజమే. కానీ అది 1996లో సుప్రీంకోర్టు తన అధికారంతో ప్రత్యేకంగా అప్పగించిన పని. మా బామ్మర్దికి సుప్రీంకోర్టు ఎక్కడ దొరుకుతుంది?

అప్పటి నుంచి షాపుకు ఎవరొచ్చినా ముందు అడిగేది సంఘటన జరిగిన తేదీ. తర్వాతే పేరు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టడం ఇంకో తప్పు. గట్టిగా ఉంటుందని రాష్ట్ర కమిషన్‌కూ ఢిల్లీకీ ఒకేసారి పంపేవాణ్ని. రాష్ట్ర కమిషన్ దగ్గరో, చట్టం ప్రకారం ఏర్పాటైన ఇంకో కమిషన్ దగ్గరో ఉన్న విషయాన్ని ఢిల్లీ ముట్టుకోదు. ఢిల్లీ విచారిస్తున్నదాన్ని రాష్ట్రం ముట్టుకోదు. అందుకని ముందే ఒకటి తేల్చుకోవాలి. రాష్ట్ర కమిషన్ పరిధి రాజ్యాంగంలోని రాష్ట్ర, ఉమ్మడి జాబితాల అంశాల వరకే. ఒకసారి రైల్లో పల్లీలు అమ్ముకునే కుర్రాణ్ని రైల్వే ఉద్యోగి కొట్టాడు. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో దిగి, రాష్ట్ర కమిషన్ ఆఫీసున్న నాంపల్లి గృహకల్ప దాకా వాణ్ని వెంటబెట్టుకుని పోయాను. రైల్వే కేంద్రానిది, ఢిల్లీకి రాసుకోండి అన్నారు. కొట్టింది జీఆర్‌పీ (రైల్వే స్టేషన్లలో ఉండే ప్రభుత్వ రైల్వే పోలీసు) కానిస్టేబుల్ అయితే ఇక్కడే తీసుకునేవారట, వాళ్లు రాష్ట్ర పోలీసులు కాబట్టి. అదే ప్లాట్‌ఫారం మీద దెబ్బలు ఇంకొకరు కొట్టి ఉంటే బస్సు ఛార్జీలు దండగయ్యేవి కావు.

సైన్యం, కేంద్ర సాయుధ బలగాల మీద ఫిర్యాదైతే ఢిల్లీ కమిషన్‌కు కూడా చేతులు కట్టేసినట్టే. 19వ సెక్షన్ కింద కేంద్రాన్ని నివేదిక అడగగలదు, దాన్ని బట్టి సిఫార్సు చేయగలదు.

సరే, గిరి లోపలికి వెళ్లగలిగామనుకోండి. చాలా కేసుల్లో వచ్చే ఉత్తర్వు నాకు కంఠతా వచ్చు: ఫిర్యాదును సంబంధిత అధికారికి పంపుతున్నాం, ఫిర్యాదుదారుణ్ని కలుపుకుని 8 వారాల్లో తగిన చర్య తీసుకుని ఆయనకు తెలపాలి. కేసు అక్కడితో ముగిసినట్టే. వట్టి కాగితమని తీసిపారేయకండి. ఆ కాగితం పట్టుకుని ఎస్పీ ఆఫీసుకు పోతే కనీసం కూర్చోమంటారు, అది లేనప్పుడు గేటు దగ్గరే ఆపేవారు. కొన్నిటిలో నివేదిక తెప్పిస్తారు. కమిషన్‌కు సొంత దర్యాప్తు విభాగం ఉన్నా, మామూలు కేసుల్లో పోలీసుల మీద నివేదిక పోలీసుల నుంచే వస్తుంది. ఆ నివేదిక నకలు మనకు పంపి, నాలుగు వారాల్లో మీ అభిప్రాయం చెప్పమంటారు. ఇంగ్లీషులో ఉంటుంది, జనం బీరువాలో పెట్టేస్తారు. జవాబు రాలేదని ఫైలు మూసేస్తారు. ఇలా చచ్చిపోయిన మంచి కేసులు నాకు తెలిసినవే నాలుగున్నాయి.

అన్నీ గెలిచినా చివర్లో వచ్చేది సిఫార్సు. పరిహారం ఇవ్వండి, ఫలానా వారిని ప్రాసిక్యూట్ చేయండి అని ప్రభుత్వానికి 18వ సెక్షన్ కింద రాస్తుంది. ప్రభుత్వం నెలలోగా ఏం చేసిందో చెప్పాలి. సాక్షుల్ని పిలవడానికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి గానీ డిక్రీ ఇచ్చే అధికారం లేదు. ఈ సిఫార్సులు ప్రభుత్వం పాటించి తీరాల్సినవేనని 2021లో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. అంతకు నాలుగేళ్ల ముందు, మణిపూర్ ఎన్‌కౌంటర్ల కేసులో, మమ్మల్ని పళ్లులేని పులిని చేశారని జాతీయ కమిషనే సుప్రీంకోర్టు ముందు వాపోయింది. నా చేతి మీదుగా పోయిన వందలో పరిహారం దాకా వెళ్లింది రెండు. ఒకరికి యాభై వేలు అందింది. ఇంకొకరిది కాగితాల్లోనే తిరుగుతోంది.

మరి మూడు మార్కులు ఎందుకంటారా? పైసా ఫీజు లేదు. వకీలు అక్కర్లేదు. తెలుగులో రాసినా తీసుకుంటారు. బాధితుడే రాయాలని లేదు, ఎవరైనా రాయొచ్చు. పేపర్లో వార్త చూసి కమిషనే సొంతంగా కేసు పెట్టుకోవచ్చు. కస్టడీలో ఎవరైనా చనిపోతే 24 గంటల్లో జాతీయ కమిషన్‌కు తెలపాలన్న ఆదేశం 1993 డిసెంబరు నుంచే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్ల మీద ఇక్కడి పౌరహక్కుల సంఘం పెట్టిన ఫిర్యాదుల వల్లే, ఎన్‌కౌంటర్ మరణాల్లో ఏం చేయాలో చెబుతూ 1997 మార్చిలో అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖలు వెళ్లాయి. ఆ సిఫార్సును వట్టి కాగితం అనడానికి నాకు నోరు రాదు.

తెలంగాణ కమిషన్‌లో 2022 డిసెంబరు నుంచి 2025 ఏప్రిల్ దాకా ఛైర్మన్ కుర్చీ ఖాళీ. ఏడాది గడువు మాత్రం దాని దారిన అది నడుస్తూనే ఉంటుంది కదా. ఆ రోజుల్లో నా దగ్గరికొచ్చిన వాళ్లందరితో ఢిల్లీకే రాయించాను.

మొన్న గురువారం ఒక పెద్దాయన సంచిలోంచి నలిగిన కాగితాలు తీశాడు. కొడుకును కొట్టిన కేసు. ఎనిమిది పేజీల పోలీసు నివేదిక, అభిప్రాయం చెప్పడానికి ఇంకా ఆరు రోజులు. చదివి తెలుగులో చెప్పాను. "ఆ రాత్రి మావోడు ఇంట్లోనే ఉన్నడని రాసిండ్రా?" అన్నాడు. ఆ ఒక్క లైనే అబద్ధమట. మిగతా వాటి జోలికి పోకుండా, ఆ లైను ఎందుకు అబద్ధమో రాసి, ఆ రాత్రి స్టేషన్‌కు అన్నం పట్టుకెళ్లిన పక్కింటాయన సంతకం కూడా పెట్టించి స్పీడ్ పోస్టులో పంపాం. రసీదు నా టేబుల్ అద్దం కింద ఉంది.