నాలుగేళ్ళు వాడాక మా మేడ మీది వాతావరణ స్టేషన్

ఓ ఏడాది జూలైలో ఒక రాత్రి తెల్లవార్లూ వాన. పొద్దున లేచి హాల్లో డిస్‌ప్లే చూస్తే వర్షపాతం 0.0. అమ్మ మేడ మీదికి వెళ్ళొచ్చి, "బయట మర్చిపోయిన బకెట్ సగం నిండింది, నీ మిషన్ ఏమంటోందిరా?" అంది.

ఈ వైర్‌లెస్ స్టేషన్‌తో నా పేచీ అంతా ఇదే. సిగ్నల్ పోతే గీతలు చూపిస్తుంది, తెలిసిపోతుంది. లోపల ఏదైనా అడ్డం పడితే మాత్రం సున్నా చూపిస్తుంది. సున్నాని ఎవరు అనుమానిస్తారు?

నిచ్చెన వేసుకుని, వాన కొలిచే రెయిన్ గేజ్ గరాటు విప్పాను. దాని కింద వేలెడంత నల్ల తొట్టి ఉంటుంది. ఒక పక్క నిండగానే రెండో పక్కకి ఒరుగుతుంది, ఒరిగిన ప్రతిసారీ 0.3 మిల్లీమీటర్లు లెక్క. ఆ తొట్టి ఇరుసు దగ్గర కందిరీగ మట్టిగూడు కట్టేసింది. పుల్లతో గీకితే లోపల బుల్లి సాలీళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి, పిల్లల కోసం దాచిన తిండి. పాపం అనిపించింది గానీ తీసేశాను.

తర్వాత పరీక్ష. గరాటు మూతి వ్యాసం 11.5 సెంటీమీటర్లు, అంటే వైశాల్యం దాదాపు 104 చదరపు సెంటీమీటర్లు. 104 మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తే 10 మిల్లీమీటర్లు రావాలి. గబుక్కున పోస్తే తక్కువ చూపిస్తుంది. అందుకే పేపర్ కప్పు అడుగున గుండుసూదితో చిల్లు పెట్టి బొట్లు బొట్లుగా వదిలాను. 9.6 వచ్చింది. చాలు. ఇప్పుడు ఏటా మే నెలాఖరున, తొలకరికి ముందే, ఈ పని చేస్తున్నాను.

సంక్రాంతి తర్వాత ఇంకో పని ఉంటుంది. మాది హైదరాబాద్, గాలిపటాల మాంజా గాలి వేగం కొలిచే కప్పుల ఇరుసుకి చుట్టుకుంటుంది. అక్కడా అదే సున్నా.

బ్యాటరీల్లో పొదుపు చేయొద్దు. ఓసారి చవకవి వేస్తే కారి, స్ప్రింగుల మీద తెల్లటి పొక్కు కట్టింది. ఇయర్‌బడ్‌ని వెనిగర్‌లో ముంచి తుడిచి, బాగా ఆరాక కొత్తవి వేస్తే బతికింది. బ్యాటరీలు మార్చాక డిస్‌ప్లేని మేడ మీదికే తీసుకెళ్ళి సెన్సర్ పక్కన పెడితే వెంటనే కలుస్తుంది. కింద ఫ్రిజ్ వెనక పెట్టి అరగంట టెన్షన్ పడటం దండగ.

గాలి పీడనం 950 హెక్టోపాస్కల్స్ దగ్గర చూపిస్తే పాడైందనుకోకండి. నగరం సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, అసలు పీడనం అంతే. సముద్రమట్టం లెక్క కావాలంటే సెట్టింగుల్లో దాదాపు 60 కలపాలి. ఉష్ణోగ్రతే నాకు ఎప్పుడూ తలనొప్పి. పిట్టగోడకి ఆనించి పెట్టినప్పుడు ఏప్రిల్ ఎండలో బేగంపేట వాతావరణ కేంద్రం లెక్క కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపించేది. రెండు మీటర్ల పైపు మీదికి ఎత్తాక తగ్గింది, పూర్తిగా పోలేదు.

మళ్ళీ కొంటానా? కొంటాను, కాకపోతే విడిభాగాలు దొరికేదే. గాలి కప్పు ఒకటి విరిగితే మొత్తం సెట్ కొనుక్కోమన్నాడు అమ్మినాయన. ఫెవిక్విక్‌తో అతికించాను, రెండేళ్ళుగా తిరుగుతూనే ఉంది.