ఆర్‌ఎక్స్ 100కు పూర్తి ఇంజిన్ పని: కొన్నేళ్ల వాడకం తర్వాత

1985లో వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 బండ్లు వరంగల్, హనుమకొండ వీధుల్లో నేటికీ తిరుగుతున్నాయి గానీ, వాటిలో చాలా వాటికి తరచుగా బోరింగ్ (అరిగిన సిలిండర్ లోపలి గోడను కోసి వెడల్పు చేయడం) చేయించవలసి వస్తోంది. నా బండికి పూర్తి ఇంజిన్ పని జరిగి కొన్నేళ్లయింది. అప్పటి నుంచి రోజూ కాజీపేటకు, అప్పుడప్పుడు ములుగు మీదుగా ఏటూరునాగారానికి, మే నెల ఎండల్లో సైతం నడుస్తున్నా, బోరు మళ్లీ కోయవలసిన అవసరం రాలేదు. ఈ మన్నికకు ముఖ్య కారణం కొత్త పిస్టన్ కాదు, దాని కిందనున్న భాగాలపై పెట్టిన శ్రద్ధ అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందుగా క్రాంక్ కేసులోకే, అంటే పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు (క్రాంక్) ఉండే కింది గదిలోకే చేరుతుంది; పిస్టన్ దిగేటప్పుడు అక్కడ ఒత్తిడికి లోనై, సిలిండర్ గోడలోని పోర్టుల (రంధ్రాల) గుండా పైకి వెళుతుంది. అందువల్ల క్రాంక్ కేసులో సన్నని సందు కూడా ఉండకూడదు. మాగ్నెట్ వైపు ఆయిల్ సీల్ (ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు అడ్డు) గట్టిపడితే బయటి గాలి చొరబడి, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి, వేడి పెరిగి పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోతుంది. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి వెళ్లి కాలుతుంది. పొగ దట్టమవుతుంది, గేర్ ఆయిల్ మట్టం తగ్గుతూ వస్తుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వేగం వెంటనే దిగకపోతే, ఐడిల్ స్క్రూ తిప్పి సరిపెట్టకుండా ముందుగా సీళ్లనే అనుమానించాలి. ఇంజిన్ బిగించిన తరువాత ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ దారులు మూసి, చేతి పంపుతో సుమారు 6 పీఎస్‌ఐ గాలి నింపి, అది నిలుస్తుందో లేదో చూసి, సబ్బు నీళ్లతో బుడగల కోసం వెతికించాను. ఈ పరీక్షకు పట్టే సమయం చాలా తక్కువ. అయినా దీనిని అడిగి చేయించుకునేవారు అరుదు.

క్రాంక్ విషయంలో కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ) కిట్ మార్చడంతోనే పని పూర్తి కాదు. పిన్నును ప్రెస్‌లో ఎక్కించాక క్రాంక్ రెండు చక్రాలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో డయల్ గేజ్‌తో (సన్నని వంపును కొలిచే పరికరంతో) చూసి, వంపు తీయగల లేత్ షాపునే ఎంచుకోవాలి. రాడ్‌ను పట్టుకుని పైకీ కిందికీ లాగితే ఏమాత్రం వదులు ఉండరాదు. పక్కలకు మాత్రం కొద్దిగా కదలాలి. క్రాంక్‌ను మోసే మెయిన్ బేరింగులు సీ3 రకానివి (లోపల సాధారణం కన్నా కాస్త ఎక్కువ సందు ఉండేవి) వేయించాను.

బోరింగ్‌కు ఇచ్చే ముందే పిస్టన్ కొని, దాని కొలతను బట్టి సిలిండర్ కోయించడం సరైన పద్ధతి. కోసిన తరువాత పోర్టుల అంచులు కత్తిలా పదునెక్కుతాయి గనుక, వాటిని కొద్దిగా అరగదీయించకపోతే రింగులు తగులుకుని విరిగే ప్రమాదం ఉంది.

ఆయిల్ పంపును తీసివేసి ట్యాంకులోనే ఆయిల్ కలుపుకోమని సలహా ఇచ్చేవారు మా ప్రాంతంలో చాలామంది ఉన్నారు. నేను పంపును ఉంచుకున్నాను. ఇంజిన్ వేగానికీ, యాక్సిలరేటర్‌కూ తగినట్లు ఆ పంపే ఆయిల్ అందిస్తుంది. అయితే కేబుల్ సర్దుబాటు సరిచూసుకోవాలి, గొట్టంలో గాలి బుడగ మిగలకుండా తీయాలి. జాసో ఎఫ్‌డీ శ్రేణి (టూ స్ట్రోక్ ఆయిళ్లకు జపాన్ ప్రమాణాల్లో ఒక మేలు రకం) ఆయిల్ వాడుతున్నందున సైలెన్సర్‌లో మసి నెమ్మదిగానే పేరుకుంటోంది.

బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక కార్బురేటర్‌ను మళ్లీ సరిచేయించవలసి వచ్చింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండడం వల్ల పాత జెట్టుతో (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రంతో) మిశ్రమంలో పెట్రోలు పాలు చాలక అది పలుచబడుతుంది. ఒక మెట్టు పెద్ద మెయిన్ జెట్టు వేయించాక పలుచని మిశ్రమానికి గుర్తుగా ప్లగ్ తెల్లబడటం మానింది. పెట్రోలు పైపును, కార్బురేటర్ రబ్బరు రింగులను కూడా మార్పించాను. వానాకాలంలో బండిని ఎక్కువ రోజులు నిలిపితే కార్బురేటర్ ఖాళీ చేస్తాను, ఎందుకంటే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది.

లోపాలు లేకపోలేదు. అధిక వేగంలో హ్యాండిల్‌కు వచ్చే కంపనం పూర్తిగా పోలేదు. అసలు విడిభాగాలు దొరకడం ఏటేటా కష్టమవుతోంది, నకిలీ సీళ్లు చూపుకు అచ్చం అసలువాటిలాగే ఉంటున్నాయి. డబ్బు పరిమితంగా ఉన్నవారు ముందుగా క్రాంక్, బేరింగులు, సీళ్ల పనే చేయించుకోవాలి. సిలిండర్ కొలత అనుమతిస్తే హోనింగ్ (లోపలి గోడను పైపైన రుద్ది సాపు చేయడం), కొత్త రింగులతో అప్పటికి సరిపెట్టుకుని, బోరింగ్‌ను తరువాతకు వాయిదా వేయవచ్చు.