మూతపడ్డ షెడ్డు కొనేవాళ్లకు హెచ్చరిక: ఈసీలో కరెంటు బాకీ కనపడదు

తాడిపత్రి, యర్రగుంట్ల వైపు మూతపడ్డ బండల పాలిష్ షెడ్లు బేరమాడుతున్నవాళ్లు బయానా ఇచ్చే ముందు ఇది చదవండి. నాకు అట్లాంటి షెడ్డు అమ్మినాయన పేరు రాయను. ఆ లైన్లో తిరిగేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) శుభ్రంగా ఉంది. కరెంటు బాకీ ఉందా అని అడిగితే బిల్లు చేతిలో పెట్టాడు, బకాయి సున్నా. రిజిస్ట్రేషన్ అయ్యాక ఇండస్ట్రియల్ సర్వీసుకు దరఖాస్తు పెడితే తిప్పి పంపారు. ఈ ఆవరణలోనే ఇంకో సర్వీసు మీద లక్షల్లో బాకీ ఉందట, అది కడితేనే కొత్త లైను. చూపించిన బిల్లు వాచ్‌మన్ గది మీటరుది! మిషన్ల సర్వీసు ఎప్పుడో కట్ చేసి, బిల్లులు ఆపేసి బిల్ స్టాప్‌లో పెట్టినారు. షెడ్డు వెనక గోడకు బోర్డు అట్లే ఉంది. మీటరు లేదు, కత్తిరించిన వైర్లకు టేపు చుట్టినారు. పక్కన పెయింటుతో రాసిన సర్వీసు నంబరు మీద సున్నం పూసినారు. దుమ్ముకొట్టుకుపోయిన గోడకు ఆ జానెడు చోటే తెల్లగా ఉంది. ఇది మరిచిపోయి చేసిన పనా?

ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "రిజిస్ట్రేషన్ అయిపాయ గదప్పా. ఉన్నదున్నట్టు తీసుకుంటానని పత్రంలో సంతకం పెడితివి. ఇంక నీకూ కరెంటోళ్లకూ. నాకు ఫోన్ చేయాకు." గొంతులో ఇంత తడబాటు లేదు. బాకీ కంటే ఆ మాటే ఎక్కువ మండిస్తోంది.

ఆ ధైర్యం ఎక్కడిదో చెప్తా. మన డిస్కంల (కరెంటు పంపిణీ కంపెనీల) సరఫరా షరతుల్లో (జీటీసీఎస్) 8.4 క్లాజు ఉంది. ఆస్తి అమ్మేవాడు బాకీలు తీర్చే అమ్మాలి అంటుంది. తీర్చకపోతే మాత్రం ఆ ఆవరణకు పాత కనెక్షన్‌లో కరెంటైనా, కొత్త కనెక్షనైనా డిస్కం నిరాకరించవచ్చు. బాధ్యత వాడిది, చీకటి మనది. అడిగినవాడికి నెలలో కరెంటు ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ చెప్తుంది గదా అనుకోవద్దు. 2023 మే 19న కె.సి. నైనాన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చేసింది. 43 కింద బాధ్యత షరతుల్లేనిది కాదు, నిబంధనల్లో రాసి ఉంటే పాత బాకీని కొత్త యజమానిని అడగవచ్చు అంది. రెండేళ్లు దాటితే బాకీ చెల్లదని ఊళ్లో చెప్పే అదే చట్టం 56(2) సెక్షన్ కూడా ఆదుకోదు. ఆ గడువు కట్ చేసే అధికారానికే గానీ బాకీని రద్దు చేసేది కాదని అదే తీర్పు.

అన్నిటికంటే ప్రమాదం అదే చట్టం 126 సెక్షన్ అసెస్‌మెంట్. మంజూరైన లోడుకు మించి, లేదా వేరే అవసరానికి వాడుతూ తనిఖీలో దొరికితే రెట్టింపు టారిఫ్‌తో లెక్క కడతారు. ఎప్పటినుంచి వాడారో తేలకపోతే వెనక్కి 12 నెలలకు వేస్తారు. తుది ఆర్డరు వచ్చిన 30 రోజుల్లో సగం మొత్తం కట్టి 127 కింద అప్పీలుకు పోవాలి. పాత యజమాని ఊరకుంటే ఆ గడువు దాటిపోతుంది. వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం ఈ కేసులు తీసుకోదు. మామూలు బిల్లు లెక్క తప్పైతేనే అక్కడికి, ఆ తర్వాత విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు.

సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరైన లావాదేవీలే ఈసీలో వస్తాయి. కరెంటు బాకీ అక్కడికి చేరదు. ఆవరణ మొత్తం బాకీ కొనేవాడికి నేరుగా కనపడేలా ఈఆర్సీ (విద్యుత్ నియంత్రణ మండలి) నిబంధన తేవాలి. దాని ఆఫీసు ఇప్పుడు మన కర్నూలులోనే ఉంది, అందరం రాతపూర్వకంగా అడగాలి.

కొనేవాళ్లు షెడ్డు చుట్టూ తిరిగి ఎన్ని మీటరు బోర్డులున్నాయో, తీసేసిన వాటి గుర్తులతో సహా లెక్కపెట్టండి. అమ్మేవాడితోనే ఈఆర్ఓలో (డిస్కం రెవెన్యూ ఆఫీసు) ఏఏఓకు (అసిస్టెంట్ అకౌంట్స్ ఆఫీసర్) అర్జీ పెట్టించి, సర్వే నంబరు మొత్తానికి బిల్ స్టాప్ సర్వీసులు, 126, 135 (కరెంటు చోరీ) కేసులు కలిపి నో డ్యూస్ రాయించుకోండి. ఒక్క సర్వీసు నంబరుకు ఇచ్చే కాగితం చాలదు. పత్రంలో "ఉన్నదున్నట్టు" అన్న మాట కొట్టేయించి, పాత కరెంటు బాకీలన్నీ అమ్మేవాడివేనని రాయించండి. కొత్త సర్వీసు రిలీజయ్యేదాకా కొంత డబ్బు పట్టి ఉంచండి.